ప్రశ్న ఎవరిది? – ఆఫ్రికా పండితుల సమష్టి పరిశోధన: ఒక పరిశీలన

పరిశోధన అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలే చిత్రం ఒంటరి పండితునిది. గ్రంథాలయంలో ఒక మూల కూర్చుండి, దుమ్ము పట్టిన సంపుటాలను తిరగవేస్తూ, ఏండ్ల తరబడి ఒక్కడే శ్రమించి, చివరకు ఒక సిద్ధాంత గ్రంథాన్ని విశ్వవిద్యాలయానికి సమర్పించే వ్యక్తినే మనము పరిశోధకుడంటాము. సాహిత్య పరిశోధనకు ఈ చిత్రం కొంతవరకు సరిపోవచ్చును. కాని కరువు, వలస, నిరుద్యోగం, సైనిక పాలన, పట్టణాల పెరుగుదల వంటి విషయాలు ఒక్క మనిషి చూపుకు అందేవి కావు. అవి ఒక్క దేశపు ఎల్లలలో ఇమిడేవి కూడా కావు. కృష్ణా జలాలను గురించి ఒక్క రాష్ట్రంలో కూర్చుండి వ్రాసిన గ్రంథం ఎంత పాండిత్యం గలదైనా సగం గ్రంథమే అవుతుంది గదా!

అయితే వేరువేరు దేశాలకు, వేరువేరు భాషలకు చెందిన పండితులు ఒక బృందంగా కూడి పరిశోధన సాగించుట ఎట్లు? వారిని ఎవరు కూర్చవలెను? ఖర్చు ఎవరు భరించవలెను? అన్నింటికంటె ముఖ్యంగా, పరిశోధించవలసిన ప్రశ్నను ఎవరు నిర్ణయించవలెను? ఈ ప్రశ్నలకు ఆఫ్రికా ఖండపు సామాజిక శాస్త్రవేత్తలు గత 50 ఏండ్లకు పైగా ఆచరణలో సమాధానం వెదకుచున్నారు. వారి అనుభవాన్ని మేమిక్కడ సంగ్రహంగా పరిశీలించదలచినాము.

నేపథ్యం

1884–85 సంవత్సరాలలో బెర్లిన్ నగరంలో జరిగిన సమావేశం ఐరోపా రాజ్యాలు ఆఫ్రికాను పంచుకొనుటకు నియమాలు ఏర్పరచినది. అటుపిమ్మట గీసిన సరిహద్దులు ప్రజల భాషను గాని, సంతలను గాని, పశువుల మేత దారులను గాని లెక్కచేయలేదు. ఒక్క ఉదాహరణ చాలును. గాంబియా అను చిన్న దేశం మూడు దిక్కుల సెనెగల్ దేశంచే చుట్టబడి ఉన్నది. నాలుగవ దిక్కున సముద్రం. రెండు దేశాలలోను ఓలోఫ్ భాష మాట్లాడేవారున్నారు. కాని గాంబియాను ఆంగ్లేయులు ఏలినారు కావున అక్కడి విద్య ఇంగ్లీషులో సాగినది. సెనెగల్‌ను ఫ్రెంచివారు ఏలినారు కావున అక్కడి విద్య ఫ్రెంచిలో సాగినది. ఇరుగుపొరుగు ఊళ్లలో పుట్టి, ఇంటిలో ఒకే భాష మాట్లాడే ఇద్దరు యువకులు పండితులైన పిదప ఒకరి గ్రంథం ఒకరు చదువలేని స్థితి ఏర్పడినది. నైజీరియాలోని హౌసా ప్రజలకు, నైజర్‌లోని హౌసా ప్రజలకు నడుమ కూడ ఇదే గోడ లేచినది.

స్వాతంత్ర్యానంతరం విశ్వవిద్యాలయాలు వెలసినవి. ఇబాదాన్, మకరేరే, దారెస్సలాం, డకార్ వంటి విద్యాకేంద్రాలు ప్రఖ్యాతి గడించినవి. కాని ఈ కేంద్రాల నడుమ రాకపోకలు తక్కువ. ప్రతి కేంద్రమూ తనను ఏలిన దేశపు రాజధాని వైపే ముఖం త్రిప్పి ఉండినది. డకార్ పండితుడు పారిస్ పత్రికలో వ్రాసేవాడు. ఇబాదాన్ పండితుడు లండన్ పత్రికలో వ్రాసేవాడు. వారిద్దరి పరిచయం కూడ పెక్కుసార్లు ఐరోపాలోనే జరిగేది.

బెనిన్ దేశపు తత్త్వవేత్త పోలాన్ హుంటోంజి ఈ స్థితిని సూక్ష్మంగా విశ్లేషించినాడు. వలస రాజ్యాలలో ముడిసరకును త్రవ్వి తీసి ఐరోపాకు పంపుట, అక్కడ తయారైన వస్తువును తిరిగి కొనుట జరిగేది గదా! విజ్ఞానరంగంలోను అదే జరుగుచున్నదని ఆయన వాదన. ఆఫ్రికావాడు సమాచారాన్ని సేకరిస్తాడు. సిద్ధాంతం ఐరోపాలో తయారవుతుంది. ఆ సిద్ధాంతాన్ని ఆఫ్రికా విద్యార్థి పాఠంగా చదువుకొంటాడు. మన పత్తి మాంచెస్టరుకు పోయి బట్టగా తిరిగివచ్చిన చరిత్ర తెలిసిన మనకు ఈ పోలిక వివరించనక్కరలేదు.

కావున సమస్య కేవలం పండితులు ఒకరినొకరు కలుసుకొనకపోవుట కాదు. ప్రశ్న పుట్టే చోటు వేరు, జవాబుకై శ్రమించే చోటు వేరు అగుటయే అసలు సమస్య.

సంస్థ ఆవిర్భావం

ఈ లోపాన్ని సవరించుటకు జరిగిన యత్నాలలో ముఖ్యమైనది 1973లో ఏర్పడిన ఆఫ్రికా సామాజికశాస్త్ర పరిశోధనాభివృద్ధి మండలి. ఇంగ్లీషు నామంలోని తొలి అక్షరాలను కూర్చి దీనిని ‘కోడెస్రియా’ అని పిలుస్తారు. దీని ప్రధాన కార్యాలయం సెనెగల్ రాజధాని డకార్‌లో ఉన్నది. ఈజిప్టుకు చెందిన ప్రసిద్ధ ఆర్థికవేత్త సమీర్ అమీన్ దీనికి తొలి కార్యదర్శి. తరువాత కెన్యాకు చెందిన అబ్దల్లా బుజ్రా, మలావీకి చెందిన థాండికా మ్కాండవిరే ఈ బాధ్యతను వహించినారు. వరుసగా ముగ్గురు కార్యదర్శులు మూడు దేశాలవారు అగుట గమనార్హం. పాలకవర్గంలో కూడ ఉత్తర, పశ్చిమ, మధ్య, తూర్పు, దక్షిణ ఆఫ్రికా ప్రాంతాలకు స్థానం కల్పించినారు. మూడేండ్లకొకసారి సర్వసభ్య సమావేశం జరుపుట ఆచారమైనది.

ఆ దశాబ్దంలో ఇటువంటి ఇతర ప్రయత్నాలు కూడ జరిగినవి. ఆఫ్రికా రాజనీతిశాస్త్ర సంఘం 1973లోనే దారెస్సలాంలో ఏర్పడినది. పరిశోధనకు, అభివృద్ధికి అంకితమైన ఆఫ్రికా మహిళల సంఘం 1977లో డకార్‌లో రూపొందినది. 1980లో అడిస్ అబాబా కేంద్రంగా తూర్పు ఆఫ్రికా సామాజికశాస్త్ర పరిశోధన సంస్థ మొదలైనది. 1976లో కోడెస్రియా ‘ఆఫ్రికా డెవలప్‌మెంట్’ అను పత్రికను ప్రారంభించి, ఇంగ్లీషు, ఫ్రెంచి వ్యాసాలను ఒకే సంచికలో ప్రకటించసాగినది. చిన్న విషయంగా తోచవచ్చును గాని, రెండు భాషల పండితులు ఒకే అట్ట నడుమ కూర్చుండుట అదివరకు అరుదు.

బృంద నిర్మాణ విధానం

కోడెస్రియా రూపొందించిన పద్ధతులలో ‘బహుళదేశ పరిశోధక బృందం’ అనునది ముఖ్యమైనది. దాని నడకను క్రమంగా చూతము.

మొదటి మెట్టు ప్రశ్న నిర్ణయం. ఒక విషయాన్ని ఎన్నుకొనిన పిదప, ఆ రంగంలో అనుభవం గల ఒకరిద్దరు పండితులచే పునాది పత్రం వ్రాయిస్తారు. ఆ సంస్థవారు దీనిని ‘గ్రీన్ బుక్’ అంటారు. ఈ విషయంపై ఇంతవరకు ఎవరేమి చెప్పినారు, ఎక్కడ తెలియని చీకటి మిగిలియున్నది, ఏ వాదం ఆఫ్రికా అనుభవానికి పొసగదు అను సంగతులు ఇందులో చర్చిస్తారు. ప్రశ్న ఖండం లోపలనే, ఖండపు పండితుల వాదోపవాదాల నుండియే పుట్టవలెనన్నది ఇక్కడి నియమం.

రెండవ మెట్టు సభ్యుల ఎన్నిక. ఖండమంతటికి ప్రకటన పంపి, పరిశోధన ప్రతిపాదనలను ఆహ్వానిస్తారు. ఒక బృందంలో ఇద్దరు ముగ్గురు సమన్వయకర్తలు, పది పదిహేనుమంది సభ్యులు ఉండుట సాధారణం. దేశం, భాష, శాస్త్రం, వయస్సు, స్త్రీపురుష భేదం – వీటన్నింటిలో సమతూకం చూస్తారు. పేరుమోసిన ఆచార్యుని ప్రక్కన ఇప్పుడే పట్టా పొందిన యువకుడు కూర్చుంటాడు. గురుశిష్య పరంపర దేశాల ఎల్లలు దాటి సాగుటకు ఇదొక మార్గం.

మూడవ మెట్టు పద్ధతుల గోష్ఠి. సభ్యులందరు ఒకచోట చేరి తమ ప్రతిపాదనలను పరస్పరం పరీక్షించుకొంటారు. ఒకే పదాన్ని ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థంలో వాడుచున్నట్లు తెలియునది ఇక్కడనే. ‘రైతు’ అను మాటకు భూమి గలవాడని ఒకరు, దున్నేవాడని మరొకరు అర్థం చెప్పుకొని మూడేండ్లు లెక్కలు సేకరించినచో, చివరకు ఆ లెక్కలు ఒకదానితో నొకటి కలవవు. దేశాల నడుమ పోలిక సాధ్యం కావలెనన్న, పదాల అర్థం ముందే తేలవలెను.

నాలుగవ మెట్టు క్షేత్ర పరిశోధన. ఎవరి దేశంలో వారు పనిచేస్తారు. ఐదవది సమీక్షా గోష్ఠి. ముసాయిదా వ్యాసాలను సభ్యులు చదివి, నిర్మొహమాటంగా విమర్శిస్తారు. ఆరవది, బయటి పండితుల పరిశీలన జరిగిన పిదప గ్రంథ ప్రచురణ. ఆ గ్రంథం డకార్‌లో వెలువడుట కూడ ఉద్దేశపూర్వకమే. విత్తనం తనది, పొలం తనది అయినప్పుడు ధాన్యం పరుల గాదెలో ఎందుకు చేరవలెను?

దీనికి తోడు జాతీయ బృందాలు కూడ ఉన్నవి. ఒక దేశంలోని పండితులు స్వయంగా కూడి, తమ విషయాన్ని తామే నిర్ణయించుకొని, సంస్థ సహాయం కోరుట ఈ పద్ధతి.

ఒక బృందం కథ

సిద్ధాంతం కంటె దృష్టాంతం మేలు. మహమూద్ మమ్‌దానీ 1946లో బొంబాయిలో జన్మించి, యుగాండా రాజధాని కంపాలాలో పెరిగినాడు. 1972లో ఈదీ అమీన్ ప్రభుత్వం భారత సంతతివారిని యుగాండా నుండి వెడలగొట్టినప్పుడు ఆయన కూడ దేశం విడువవలసి వచ్చినది. థాండికా మ్కాండవిరే మలావీ నియంతృత్వం వలన చిరకాలం ప్రవాసంలో గడపినాడు. ఎర్నెస్ట్ వాంబా దియా వాంబా కాంగో దేశస్థుడు, దారెస్సలాంలో ఆచార్యుడు. ఈ ముగ్గురు కలిసి ఆఫ్రికాలోని సాంఘికోద్యమాలు, ప్రజాస్వామ్య పోరాటాలను గురించి ఒక పత్రం వ్రాసినారు. 1988లో అది మన బొంబాయి నుండి వెలువడే ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో కూడ ప్రకటితమైనది.

అప్పటి ఆఫ్రికా రాజకీయాలను గురించి వ్రాసేవారు సాధారణంగా రాజ్యాన్ని, నాయకులను, తెగలను గురించి వ్రాసేవారు. ఈ పత్రం దృష్టిని ప్రజల వైపు మరల్చినది. కార్మికులు, రైతులు, విద్యార్థులు, స్త్రీలు, మత సంఘాలు తమంతట తాము కూడి నడపిన ఉద్యమాలలో ప్రజాస్వామ్యపు మూలాలను వెదకవలెనని సూచించినది. ఈ ప్రశ్నపై ఏర్పడిన బహుళదేశ బృందం వేరువేరు దేశాల ఉద్యమాలను పరిశోధించినది. మమ్‌దానీ, వాంబా దియా వాంబా సంపాదకత్వంలో ఆ బృహద్గ్రంథం 1995లో డకార్‌లో వెలువడినది.

పత్రానికి, గ్రంథానికి నడుమ 7 ఏండ్లు గడచినవి. ఈ కాలాన్ని జాప్యమని కొందరు భావింతురు. మేము మరొక విధంగా చూచుచున్నాము. ఆ 7 ఏండ్లలోనే ఆఫ్రికాలో పలు ఏకపక్ష ప్రభుత్వాలు కూలినవి. 1994లో దక్షిణాఫ్రికాలో సర్వజన ఓటుతో ఎన్నికలు జరిగినవి. ప్రజల ఉద్యమాలకు చరిత్రలో స్థానమున్నదని ముందుగా అడిగిన ప్రశ్న, కాలం గడచిన కొలది మరింత సార్థకమైనది. ఇతరులు పంపిన ప్రశ్నాపత్రాన్ని ఆరు నెలలలో పూరించి పంపిన వారికి ఇటువంటి ప్రశ్న తట్టి ఉండేది కాదు.

భాష అను వంతెన, భాష అను గోడ

ఇంగ్లీషు, ఫ్రెంచి, పోర్చుగీసు, అరబ్బీ – ఈ నాలుగు కోడెస్రియా వ్యవహార భాషలు. గోష్ఠులలో అనువాదకులను నియమించుట, గ్రంథాలను ఒక భాష నుండి మరొక భాషలోనికి మార్చుట మిక్కిలి వ్యయంతో కూడిన పని. అయినను ఆ వ్యయం లేనిచో బృందం పేరుకు మాత్రమే బృందం. ఒక భాషవారు మాట్లాడుచుండగా మరొక భాషవారు తల ఊపుచు కూర్చుండుట సమష్టి పరిశోధన కానేరదు.

ఉర్దూ, తెలుగు చదువుకొనే మన విద్యార్థులు తప్పక గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. ఆఫ్రికాలో పాండిత్యమంతయు ఐరోపా భాషలలోనే ఉన్నదనుకొనుట పొరపాటు. పశ్చిమాఫ్రికాలో శతాబ్దాలుగా అరబ్బీలోను, అరబ్బీ లిపిలో వ్రాసిన హౌసా, ఫులానీ మున్నగు దేశభాషలలోను విస్తారమైన వాఙ్మయం ఉన్నది. ఈ లిపి పద్ధతిని ‘అజమీ’ అంటారు. సెనెగల్ పండితుడు ఉస్మాన్ కాన్ ఇట్టి పండిత పరంపరను గురించి వ్రాసిన గ్రంథాన్ని కోడెస్రియా 2003లో ఫ్రెంచిలోను, 2012లో ఇంగ్లీషులోను ప్రకటించినది. మాలీ దేశంలోని తింబుక్తు నగరపు వ్రాతప్రతులపై దక్షిణాఫ్రికాకు చెందిన షామిల్ జెప్పీ, సెనెగల్‌కు చెందిన సులేమాన్ బషీర్ డియాన్ సంపాదకత్వంలో 2008లో వెలువడిన వ్యాస సంపుటి కూడ ఇట్టిదే. ఒకరిది ఖండపు దక్షిణపు కొస, మరొకరిది పడమటి కొస. విషయం ఇద్దరి నడుమ గల ఎడారి అంచున ఉన్న నగరం. సమష్టి పరిశోధనకు ఇంతకంటె చక్కని నిదర్శనం అరుదు.

బృందం లోపలి అసమానత

ప్రశ్న ఎవరిదని బయటివారిని అడిగినవారు, అదే ప్రశ్నను తమలో తాము కూడ అడుగుకొనవలసి వచ్చినది. తొలినాళ్ల బృందాలలో పురుషులే అధికం. స్త్రీల శ్రమ, కుటుంబ వ్యవస్థ, వారసత్వ హక్కులు వంటి విషయాలు ప్రధాన ప్రశ్నలుగా పరిగణింపబడలేదు. 1991లో డకార్‌లో స్త్రీపురుష సంబంధాల దృష్టితో సామాజిక శాస్త్రాలను పునఃపరిశీలించుటకు ఒక గోష్ఠి జరిగినది. అందుండి పుట్టిన గ్రంథాన్ని అయేషా ఇమామ్, అమీనా మామా, ఫాతూ సో అను ముగ్గురు విదుషీమణులు సంపాదించినారు. 1997లో అది వెలువడినది. స్త్రీలను గురించి ఒక అధ్యాయం చేర్చుట చాలదని, శాస్త్రపు మూల భావనలనే మరల పరీక్షింపవలెనని వారి ప్రతిపాదన.

ధనము, స్వేచ్ఛ

ఇంతకు ఖర్చు ఎవరు భరించినారు? ఈ ప్రశ్నకు సమాధానం అంత హాయిగా ఉండదు. స్వీడన్, నార్వే మున్నగు దేశాల సహాయ సంస్థలు, అమెరికాలోని ఫోర్డ్ ఫౌండేషన్ వంటి ధర్మనిధులు పెద్దమొత్తాన్ని ఇచ్చినవి. పరాధీనతను ఎదిరించుటకు ఏర్పడిన సంస్థ పరుల ధనంపై ఆధారపడుట ఒక వైరుధ్యమే. దీనిని తగ్గించుటకు వారు అవలంబించిన ఉపాయం ఒకటున్నది: ఒక్కొక్క పనికి కాక, సంస్థ మొత్తం కార్యక్రమానికి సహాయం కోరుట. అప్పుడు ప్రశ్నను నిర్ణయించే అధికారం పాలకవర్గం చేతిలో మిగులుతుంది. ఈ ఉపాయం అన్నివేళల ఫలించినదని చెప్పలేము గాని, దారి సరియైనదే.

1980 దశకంలో స్థితి మరింత విషమించినది. అప్పుల భారంతో క్రుంగిన ప్రభుత్వాలు ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి విధించిన పొదుపు విధానాలను అమలుజరిపినవి. విశ్వవిద్యాలయాలకు కేటాయింపులు తగ్గినవి. గ్రంథాలయాలకు పత్రికలు రావడం నిలిచినది. జీతం చాలని ఆచార్యులు విదేశీ సంస్థలకు నివేదికలు వ్రాసి జీవిక సాగింపసాగినారు. నివేదికలో ప్రశ్న డబ్బిచ్చినవానిది, జవాబు వ్రాసినవానిది. 2010లో మకరేరే సామాజిక పరిశోధన సంస్థకు సంచాలకుడైన మమ్‌దానీ ఈ సలహాదారీ సంస్కృతిని తీవ్రంగా విమర్శించి, అక్కడనే పరిశోధకులను తయారుచేయు డాక్టరేటు శిక్షణ ప్రారంభించినాడు.

ధనం ఒక సంకెల. ప్రభుత్వ భయం మరొక సంకెల. 1968లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం ఆర్చీ మఫేజే అను నల్లజాతి మానవశాస్త్రవేత్తను అధ్యాపకునిగా ఎన్నుకొని, వర్ణవివక్ష ప్రభుత్వపు ఒత్తిడికి లొంగి ఆ నియామకాన్ని రద్దుచేసినది. 1972లో మకరేరే ఉపాధ్యక్షుడు ఫ్రాంక్ కలిముజోను ఈదీ అమీన్ సైనికులు పట్టుకొనిపోయినారు. ఆయన తిరిగి రాలేదు. నైజీరియా పండితుడు క్లాడ్ ఆకే, చమురు తీసే నైజర్ డెల్టా ప్రాంతపు పర్యావరణ సర్వే సంఘంలో సభ్యుడు. అక్కడి ప్రజల పక్షాన నిలిచిన రచయిత కెన్ సారో-వీవాను 1995 నవంబరులో సైనిక ప్రభుత్వం ఉరితీసినప్పుడు ఆయన ఆ పదవిని త్యజించినాడు.

ఇట్టి అనుభవాల నుండియే 1990 నవంబరులో కంపాలాలో మేధాస్వేచ్ఛ, సామాజిక బాధ్యతలను గురించిన ప్రకటన వెలువడినది. ప్రకటన పేరులోనే స్వేచ్ఛతోపాటు బాధ్యత అను మాట ఉండుట మిక్కిలి అర్థవంతం. ఖండమంతటి పండితులు కూడి హక్కు కోరినారు. ఆ హక్కుతోపాటు ప్రజల పట్ల తమ ఋణాన్ని కూడ అంగీకరించినారు.

లోపాలు

ఈ ప్రయత్నంలో లోపాలు లేకపోలేదు. పొరుగు దేశానికి పోవుటకు అనుమతి పత్రాలు, దూరపు విమాన మార్గాలు నేటికిని అడ్డంకులే. ప్రతిభావంతులైన పెక్కుమంది ఐరోపా, అమెరికా విశ్వవిద్యాలయాలకు వలసపోయినారు. స్వాహిలీ, హౌసా, ఓలోఫ్ వంటి ప్రజల భాషలు గోష్ఠులలో ఇంకను వెనుక వరుసలోనే ఉన్నవి. ప్రశ్న ఖండానిదైనను, జవాబు ఆ ఖండపు సామాన్యునికి అర్థమయ్యే భాషలో చేరనంతవరకు పని సగమే పూర్తియైనట్లు.

మనకు పాఠం

ఈ అనుభవం నుండి మనము గ్రహింపదగినవి మూడు సంగతులున్నవి. ఒకటి, నలుగురిని కూర్చినంత మాత్రాన బృందం కాదు. అందరు కలిసి రూపొందించిన ప్రశ్న ఉన్నప్పుడే బృందం. రెండు, విమర్శ మైత్రికి శత్రువు కాదు. ముసాయిదాను చదివి తప్పు చూపినవాడే నిజమైన సహచరుడు. మూడు, భాషాభేదం ఆటంకమే గాని, దానిని దాటుటకై పడిన శ్రమ వృథా కాదు.

మన కళాశాల వంటి చోట ఉర్దూ మాధ్యమపు విద్యార్థులు ఒక వైపు, తెలుగు మాధ్యమపు విద్యార్థులు ఒక వైపు కూర్చుండుట సాధారణ దృశ్యం. వీరు ఐదుగురు, వారు ఐదుగురు కలిసి ఈ ఊరి విషయం ఒకటి తీసుకొందురు గాక. పదవ తరగతితో బాలికలు చదువు మానుటకు కారణమేమి? మంచినీటి కుళాయి ఏ వీధికి వచ్చినది, ఏ వీధికి రాలేదు? ముందుగా ప్రశ్నను ఒక పుటలో రెండు భాషలలో వ్రాయండి. ‘చదువు మానుట’ అనగా ఏమో తేల్చుకొనండి. ఒకరి వీధికి మరొకరు పోయి అడగండి. వ్రాసినదానిని ఒకరికొకరు చదివి వినిపించండి. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. కళాశాల సంఘంవారు ఒక గదిని, గ్రంథాలయంలో ఒక బల్లను, ఈ వార్షిక సంచికలో కొన్ని పుటలను కేటాయించిన చాలును.

అప్పుడు ఈ పుటలలో కనిపించే ప్రశ్న మనది అవుతుంది. దాని జవాబు కూడ మన ఊరివారు రెండు భాషలలో చదువుకొనగలుగుతారు.